టీనేజ్ పిల్లలతో బీచ్ ట్రిప్: చోటు ఎలా ఎంచుకోవాలి

పిల్లలు చిన్నగా ఉన్నంతకాలం ఏ బీచ్‌కి వెళ్లాలనేది పెద్ద ఆలోచించాల్సిన విషయం కాదు. ఇసుక, లోతు లేని నీళ్లు, కాస్త నీడ ఉంటే చాలు, పొద్దంతా గూళ్లు కట్టుకుంటూ గడిపేస్తారు. వాళ్లకి పదమూడో పద్నాలుగో వచ్చాక మళ్లీ అదే బీచ్‌కి తీసుకెళ్లి చూడండి, రెండో రోజు మధ్యాహ్నానికే గదిలో ఫోన్ పట్టుకుని పడుకుంటారు. ఇంత ఖర్చు పెట్టి తీసుకొస్తే ఇదా అని మనకి కోపం వస్తుంది. చాలాసార్లు తప్పు వాళ్లది కాదు, మనం ఎంచుకున్న చోటుది.

ఒకసారి నేను ఫొటోలు చూసి మనసు పారేసుకుని, ఊరికి బాగా దూరంగా సముద్రం, చెట్లు తప్ప ఇంకేమీ లేని కాటేజీ బుక్ చేశాను. మా పెద్దాడికి అప్పుడు పదిహేనేళ్లు. ఎక్కడికి కదలాలన్నా కారు, కారంటే మేమిద్దరం. నాలుగు రోజులూ వాడు మా వెనకే తిరగాల్సి వచ్చింది, అది వాడికి ఎంత ఊపిరాడనట్టు ఉందో ఇంటికొచ్చాక వాడే చెబితే గానీ నాకు తెలియలేదు. అప్పటి నుంచి ఏ చోటైనా నేను మొదట చూసేది ఒక్కటే. గది గుమ్మం దాటాక, మమ్మల్ని అడక్కుండా, కారు లేకుండా, మా పిల్లలు నడిచి వెళ్లగలిగేవి ఏమున్నాయి?

ఇది మ్యాప్‌లోనే తెలిసిపోతుంది. హోటల్ నుంచి పది, పదిహేను నిమిషాల నడకలో బీచ్ ఉందా, తినడానికి రెండు మూడు చోట్లు ఉన్నాయా, సర్ఫింగ్ బోర్డులు, సైకిళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారా, సాయంత్రం ఆ వయసు పిల్లలు చేరే చోటు ఏదైనా ఉందా చూడండి. మధ్యలో హైవే దాటాల్సి వస్తే ఆ హోటల్ వదిలేయండి. వీధి ఫొటోల్లో ఫుట్‌పాత్, దీపాలు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి, ఎందుకంటే రాత్రి ఎనిమిదింటికి వాళ్లని ఒంటరిగా పంపగలమా లేదా అన్నది దాని మీదే ఉంటుంది. అందుకే నా ఓటు చిన్న బీచ్ ఊళ్లకి. మాల్దీవుల్లో చాలా రిసార్టులు ఒక దీవికి ఒకటే అన్నట్టు ఉంటాయి, అక్కడ పిల్లలు ఎటు తిరిగినా భయం లేదు, ఆ స్వేచ్ఛ మాత్రం నిజంగా బాగుంటుంది. కానీ దీవి మొత్తం చుట్టి రావడానికి ఎంతోసేపు పట్టదు. నీళ్లలో ఆడటం అంటే ప్రాణం పెట్టే పిల్లలైతేనే అలాంటి చోటు, లేకపోతే మూడో రోజుకి విసుగు మొదలవుతుంది.

ఇక ఎవరు ఎంచుకోవాలి అనేది. "ఎక్కడికెళ్దాం?" అని అడిగితే వాళ్లు చెప్పే చోటు మన బడ్జెట్‌కి అందదు, కాదన్నామంటే ఆ తర్వాత వాళ్లు నోరు విప్పరు. అన్నీ మనమే తేల్చేసి చివర్లో "ఎలా ఉంది?" అని అడగడం అంతకన్నా దండగ. ముందు మనం డబ్బు, సెలవులు, భద్రత అన్నీ చూసుకుని మూడు చోట్లు తీసి వాళ్ల ముందు పెట్టాలి, ఆ మూడింట్లో ఏది ఎంచుకున్నా నిజంగా అక్కడికే వెళ్లాలి. అడిగేటప్పుడు కూడా ఎక్కడికి అని కాకుండా అక్కడ ఏం చేయాలని ఉంది అని అడగండి. పదమూడేళ్ల అమ్మాయికీ పదిహేడేళ్ల అబ్బాయికీ ఒకే జవాబు రాదు, రానక్కర్లేదు కూడా. ఇద్దరి జవాబులూ ఒకే ఊళ్లో దొరికితే అదే మీ చోటు.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది, అది పిల్లల నిద్ర. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే వాళ్లకి త్వరగా నిద్ర పట్టదు, పొద్దున లేవలేరు. దాన్ని బద్ధకం అనుకుని సెలవుల్లో కూడా గొడవ పడటం వల్ల ఒరిగేదేమీ లేదు. సముద్రం తీరు దీనికి సరిగ్గా ఎదురు. సాధారణంగా పొద్దున్నే గాలి తక్కువగా, నీళ్లు నిలకడగా ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి సముద్రం మీద నుంచి గాలి మొదలవుతుంది, మధ్యాహ్నానికి నీళ్లు అల్లకల్లోలంగా మారతాయి. అంటే మీ పిల్లలు లేచి, తిని, బయటికొచ్చేసరికి స్నార్కెలింగ్‌కీ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్ల అడుగుని చూడటం) ప్యాడిల్ బోర్డుకీ (బోర్డు మీద నిలబడి తెడ్డు వేయడం) మంచి సమయం దాటిపోతుంది. కాబట్టి వాళ్లు ఎలాగూ పదింటికి ముందు లేవరని తెలిస్తే, గాలికి అడ్డుగా కొండో మలుపో ఉన్న తీరం చూసుకోండి, లేదా దూరంగా పగడపు దిబ్బ ఉండి లోపల నీళ్లు చెరువులా ఉండే చోటు చూసుకోండి. ఉపగ్రహ చిత్రంలో ఒడ్డుకి దూరంగా తెల్లని నురగ గీత, దాని లోపల లేత రంగు నీళ్లు కనిపిస్తే చాలావరకు అలాంటి చోటే. ఇంకో మాట, పడమటి తీరమైతే సూర్యాస్తమయం సముద్రం మీద చూడొచ్చు. తూర్పు తీరంలో సూర్యోదయం ఎంత బాగున్నా మీ పిల్లలు దాన్ని చూడటం అనుమానమే.

నెల చూడకుండా ఊరు ఎంచుకోకండి. ఒకే దేశంలో రెండు తీరాలకి రెండు కాలాలు ఉండొచ్చు. శ్రీలంకలో దక్షిణ తీరాన ఉన్న వెలిగామ వైపు సముద్రం సుమారు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది, తూర్పున అరుగంబే వైపు సీజన్ ఏప్రిల్ తర్వాత మొదలవుతుంది. థాయిలాండ్‌లో పడమటి వైపున్న ఫుకెట్‌లో మే నుంచి అక్టోబరు దాకా సముద్రం అల్లకల్లోలంగా ఉంటే, తూర్పు వైపున్న సముయ్ దీవిలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడతాయి. కరీబియన్ దీవులకైతే జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపానుల కాలం. ఆఫర్ బాగా తక్కువకి వస్తోందంటే ముందు నెల చూడండి.

ఇప్పుడు నేను అస్సలు రాజీ పడని విషయానికొస్తాను. టీనేజ్ పిల్లలకి ఈత వస్తుంది, ధైర్యం ఉంటుంది, పక్కన ఇంకో ఇద్దరు ఉంటే ఆ ధైర్యం రెట్టింపవుతుంది, మనం ఒడ్డున పక్కనే ఉండం. అందుకే లైఫ్‌గార్డులు ఉన్న బీచ్ కావాలి, వాళ్లు ఏ నెలల్లో, ఎన్ని గంటల దాకా ఉంటారో బుక్ చేయకముందే కనుక్కోవాలి. స్విమ్మింగ్ పూల్‌లో వచ్చిన ఈతకీ సముద్రంలో ఈతకీ చాలా తేడా. ఒడ్డు నుంచి లోపలికి లాక్కెళ్లే రిప్ కరెంట్ సెకనుకు 8 అడుగుల దాకా వేగం అందుకోగలదు, దానికి ఎదురీది గెలిచేవాళ్లు ఎవరూ లేరు. అలలు విరుగుతున్న తెల్లని వరసల మధ్య, నురగ లేకుండా ముదురు రంగులో ప్రశాంతంగా కనిపించే సందు తరచుగా అదే, తెలియనివాళ్లకి అక్కడే దిగాలనిపిస్తుంది. పిల్లలకి ఇది ఇంట్లో ఉండగానే వీడియోలు పెట్టి చూపించండి. చిక్కుకుంటే కంగారు పడకుండా తేలుతూ ఉండి, చెయ్యెత్తి సాయం అడిగి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలని వాళ్ల నోటితో చెప్పించండి. జెండాలు కూడా అంతే. చాలా దేశాల్లో పైన ఎరుపు కింద పసుపు ఉన్న రెండు జెండాల మధ్యే లైఫ్‌గార్డుల కాపలా ఉంటుంది, ఊదా రంగు జెండా అంటే జెల్లీఫిష్ లాంటి ప్రమాదకరమైన జీవులు ఉన్నాయని.

తీరం వాలు కూడా చూడాలి. ఇసుక ముతకగా ఉన్న బీచ్‌లు ఎక్కువగా నిటారుగా దిగుతాయి, అల నేరుగా ఒడ్డు మీదే విరిగి పడుతుంది, మెడకీ భుజానికీ దెబ్బలు తగిలేది అలాంటి చోటే. మెత్తని ఇసుక, దూరం దాకా కొంచెం కొంచెంగా లోతయ్యే తీరం కొత్తగా సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లకి మంచిది. వెలిగామ పేరు అందరూ చెప్పేది అందుకే, అడుగున ఇసుక, మరీ పెద్దవి కాని అలలు.

నా అనుభవంలో ఈ వయసు పిల్లలకి రోజుకో కొత్త ఆట కన్నా, మూడు నాలుగు రోజులు వరసగా ఒకటే నేర్చుకోవడం ఎక్కువ నచ్చుతుంది. మొదటి రోజు పడతారు, మూడో రోజు బోర్డు మీద నిలబడతారు, ఇంక వాళ్లని నీళ్లలోంచి బయటికి పిలవడమే కష్టం. ఆ క్లాసులో తమ వయసు వాళ్లు దొరకడం అన్నిటికన్నా పెద్ద లాభం. డైవింగ్ కావాలంటే, చాలా దేశాల్లో డైవింగ్ నేర్పించి సర్టిఫికెట్లిచ్చే ప్యాడీ (PADI) సంస్థ జూనియర్ కోర్సు 10 ఏళ్ల నుంచే ఉంది, 15 నిండితే పెద్దవాళ్ల సర్టిఫికెట్టే ఇస్తారు. ఒక్కటి గుర్తుంచుకోండి, డైవ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్క డైవ్‌కి కనీసం 12 గంటలు, వరసగా చేస్తే 18 గంటలు ఆగాలి, అంటే చివరి రోజు డైవింగ్ పెట్టుకోకూడదు.

గది విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. తలుపు వేసుకోగలిగే విడి గది వాళ్లకుంటే సముద్రం కనిపించే బాల్కనీ లేకపోయినా పర్వాలేదు, ఆ డబ్బు గది మీద పెట్టండి. వైఫై ఉందో లేదో ముందే చెప్పేయండి, అక్కడికెళ్లాక తెలిస్తే మొదటి రోజంతా గొడవే. వీలైతే వాళ్ల ఫ్రెండ్‌ని ఒకరిని తీసుకెళ్లండి, ఆ పిల్లల అమ్మానాన్నలతో నీళ్ల విషయంలో నియమాలు ముందే మాట్లాడుకుని.

మూడు చోట్లు తేలాక, డబ్బు కట్టకముందు ఒక సాయంత్రం అందరూ కూర్చుని మ్యాప్ తెరవండి. మౌస్ పిల్లల చేతికివ్వండి. గది నుంచి బీచ్‌కి ఎలా నడిచి వెళ్తారో, ఎక్కడ తింటారో, రాత్రి ఎంతవరకు వెళ్లొచ్చో వాళ్లనే చూపించమనండి. మొదటి చోట రెండు నిమిషాలకే చూపించేవి అయిపోయి, రెండో చోట అరగంటైనా మౌస్ వదల్లేదనుకోండి, రెండోదే బుక్ చేయండి.