స్టార్మ్‌వీల్ కోటకు కత్తీ డాలుతో వెళ్లేవారు ముందుగా తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ తయారుచేయగా 2022 ఫిబ్రవరి 25న విడుదలైన ఎల్డెన్ రింగ్ ఆటలో కొత్తవారు చాలామంది కత్తీ డాలూ పట్టిన యోధుడినే ఎంచుకుంటారు. చేతిలో డాలు ఉంది కదా, ఏం ఫరవాలేదన్న ధీమా అందుకు కారణం. లిమ్‌గ్రేవ్ మైదానంలో తిరిగినంతకాలం ఆ ధీమాకు ఢోకా ఉండదు గానీ, స్టార్మ్‌వీల్ కోట వాకిట కాపు కాసే మార్గిట్ అన్న పెద్ద శత్రువు ఎదుట మాత్రం అది రెండు నిమిషాలు కూడా నిలవదు. ఈ ఆటలో డాలు దెబ్బను మాయం చేయదు. ప్రాణం మీద పడవలసిన దెబ్బను స్టామినా, అంటే యోధుడి దమ్ము మీదికి మళ్లిస్తుంది, అంతే. తెర పైభాగాన ఎడమవైపు ఎర్రగీత, నీలిగీతల కింద కనిపించే ఆకుపచ్చ గీతే స్టామినా. అది ఖాళీ అయిన క్షణంలో పడిన దెబ్బకు డాలు పక్కకు తొలగిపోయి, యోధుడు తూలిపోయి, శత్రువుకు నిండు అవకాశం దొరుకుతుంది. కాబట్టి కోటకు బయలుదేరేముందు చేసుకునే ప్రతి ఏర్పాటునూ, అది కత్తికి సంబంధించినదైనా సరే, ఆ ఆకుపచ్చ గీతను దృష్టిలో పెట్టుకునే చేసుకోవాలి.

ఆరంభంలో ఇచ్చే పాత్రల్లో వాగబాండ్‌ను ఎంచుకోవడం మంచిది. 9వ లెవెల్‌తో మొదలయ్యే ఈ పాత్రకు విగర్ (ప్రాణశక్తి) 15, ఎండ్యూరెన్స్ (ఓర్పు) 11, స్ట్రెంగ్త్ (బలం) 14, డెక్స్టెరిటీ (చేతివాటం) 13 ఉంటాయి. లాంగ్‌స్వర్డ్ అన్న కత్తి, హాల్బర్డ్ అన్న పొడవాటి ఆయుధం, హీటర్ షీల్డ్ అన్న డాలు చేతికి వస్తాయి. భౌతికమైన దెబ్బలను నూటికి నూరు శాతం ఆపే డాలు మొదటి నిమిషం నుంచే ఉండటం చిన్న విషయం కాదు. పాత్రతో పాటు ఒక కానుకను కూడా ఎంచుకోమంటారు. అందరూ ప్రాణం నింపే ఫ్లాస్క్‌ను తాగగల సార్లు పెంచే గోల్డెన్ సీడ్ తీసుకోమనే చెబుతారు గానీ, డాలు పట్టేవారికి స్టోన్‌స్వర్డ్ కీ అన్న తాళంచెవుల జతే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. లిమ్‌గ్రేవ్‌లోని సమన్‌వాటర్ విలేజ్‌లో మూసి ఉన్న నేలమాళిగను అందులో ఒక తాళంచెవితో తెరిస్తే గ్రీన్ టర్టిల్ టాలిస్మన్ అన్న తాయెత్తు దొరుకుతుంది, అది స్టామినా తిరిగి నిండే వేగాన్ని పెంచుతుంది.

లెవెల్ పెంచుకునేటప్పుడు కత్తి దెబ్బ పదును పెరుగుతుందని స్ట్రెంగ్త్ మీదే రూనులన్నీ (శత్రువులను చంపితే వచ్చే సొమ్ము) పోయడం తగదు. ఆట తొలి భాగంలో కత్తి బలం సంఖ్యల వల్ల కంటే దానికి చేయించే సానబెట్టుడు వల్లే ఎక్కువగా పెరుగుతుంది. మార్గిట్ దగ్గరికి వెళ్లే నాటికి విగర్‌ను 22కు, ఎండ్యూరెన్స్‌ను 16కు, స్ట్రెంగ్త్‌ను 18కు చేర్చితే మొత్తం 16 మెట్లు ఎక్కినట్టు, అంటే 25వ లెవెల్ అవుతుంది. నాకు తెలిసినంతలో ఈ దశకు ఇది నిబ్బరమైన పంపకం. ఎండ్యూరెన్స్ స్టామినానూ పెంచుతుంది, మోయగల బరువునూ పెంచుతుంది కాబట్టి ఈ తరహా యోధుడికి అది రెండువైపులా పనికొస్తుంది. లెవెల్ చాలలేదనుకుంటే దక్షిణాన ఉన్న వీపింగ్ పెనిన్సులాను ముందు చుట్టి రావాలి. అక్కడి మూడు చర్చిల్లోనూ ఒక్కొక్క సేక్రెడ్ టియర్ దొరుకుతుంది, దాంతో ఫ్లాస్క్ తాగిన ప్రతిసారీ తిరిగివచ్చే ప్రాణం పెరుగుతుంది.

బరువు విషయంలో చాలామంది అజాగ్రత్తగా ఉంటారు. ఒంటి మీద, చేతుల్లో ఉన్న సామగ్రి మొత్తం బరువు మోయగల శక్తిలో 70 శాతం దాటితే దొర్లడం బరువైపోతుంది. దొర్లలేని యోధుడు డాలుతో ఆపలేని దెబ్బ వచ్చినప్పుడు దాన్ని నిలువునా తినవలసిందే. చేతిలో పట్టుకోకపోయినా ఆయుధాల గడుల్లో ఉన్నదంతా లెక్కలోకి వస్తుంది. కుడిచేతి రెండో గడిలో హాల్బర్డ్ పెట్టుకుని, దాన్ని ఎన్నడూ వాడకుండా కోటంతా మోసుకుతిరగడం వృథా. తీసేసి ఆ బరువును మంచి డాలుకు ఖర్చు చేయాలి.

ఆ మంచి డాలు బ్రాస్ షీల్డ్. గేట్‌ఫ్రంట్ శిథిలాల దగ్గర కత్తీ డాలూ పట్టి తిరిగే కోట ప్రభువు గాడ్రిక్ సైనికులను చంపినప్పుడు అప్పుడప్పుడు ఇది దొరుకుతుంది. పక్కనే ఉన్న గ్రేస్ అన్న విశ్రాంతి స్థలం దగ్గర కూర్చుని లేస్తే సైనికులందరూ మళ్లీ లేస్తారు కాబట్టి, దొరికేదాకా ఓపిక పట్టవచ్చు, ఈలోగా రూనులు కూడా పోగవుతాయి. బ్రాస్ షీల్డ్ బరువు 7, అంటే హీటర్ షీల్డ్ బరువైన 3.5కు రెట్టింపు. పట్టడానికి స్ట్రెంగ్త్ 16 కావాలి. దీని విలువంతా గార్డ్ బూస్ట్ అన్న అంకెలో ఉంది. దెబ్బను ఆపినప్పుడు స్టామినాలో ఎంత భాగం ఆదా అవుతుందో ఆ అంకె చెబుతుంది. బ్రాస్ షీల్డ్‌కు అది 56, అంటే వంద స్టామినా పోవలసిన చోట 44 మాత్రమే పోతుంది. డాలును సానబెట్టించి ఆ అంకెను 60కి తెచ్చారనుకుందాం, అప్పుడు పోయేది 40. పెరిగింది నాలుగు అంకెలే అయినా ప్రతి దెబ్బకూ అయ్యే ఖర్చులో దాదాపు పదకొండో వంతు మిగులుతుంది. మార్గిట్ వరుసగా నాలుగైదు దెబ్బలు వేసినప్పుడు ఈ మిగులే బతికిస్తుంది. అందుకే సానబెట్టడానికి కావలసిన స్మిథింగ్ స్టోన్‌లన్నిటినీ కత్తికే పెట్టేయకుండా డాలుకూ కొన్ని ఉంచాలి.

కత్తికి +3 వరకూ చర్చ్ ఆఫ్ ఎల్లెలో ఉన్న దాగలి మీదే సానబెట్టుకోవచ్చు. వరుసగా 2, 4, 6 చొప్పున మొత్తం 12 రాళ్లు పడతాయి. లిమ్‌గ్రేవ్ టన్నెల్స్ అన్న గని ఒక్కటి జాగ్రత్తగా వెతికితే వాటిలో చాలా భాగం సమకూరుతుంది. కొత్త కత్తి కోసం వెతుకులాట అవసరం లేదు. లాంగ్‌స్వర్డ్‌తో వచ్చే స్క్వేర్ ఆఫ్ అన్న నైపుణ్యం ఈ దశలో మరే కత్తికీ తీసిపోదు, శత్రువు నిలకడను దెబ్బతీయడంలో దానికి మంచి పేరుంది. అయితే ఇక్కడ కొత్తవారిని తికమకపెట్టే చిక్కు ఒకటుంది. హీటర్ షీల్డ్‌కు ప్యారీ అన్న సొంత నైపుణ్యం (శత్రువు దెబ్బను డాలుతో పక్కకు విదిలించడం) ఉండటం వల్ల, ఎడమచేత డాలు పట్టి కంట్రోలర్ మీద ఎల్2 బటన్ నొక్కితే కత్తి నైపుణ్యం బదులు డాలు విదిలింపు వస్తుంది. కత్తి నైపుణ్యం పనిచేయడం లేదని ఎందరో అనుకునేది దీనివల్లే. స్టార్మ్‌హిల్‌లోని వార్‌మాస్టర్స్ షాక్ దగ్గర ఉండే నైట్ బెర్నాల్ 'నో స్కిల్' అన్న యాష్ ఆఫ్ వార్ (ఆయుధానికి అతికించి దాని నైపుణ్యాన్ని మార్చే వస్తువు) అమ్ముతాడు. గేట్‌ఫ్రంట్ శిథిలాల నేలమాళిగలో పెట్టెలో దొరికే వెట్‌స్టోన్ నైఫ్ మీ దగ్గరుంటే దాన్ని డాలుకు అతికించుకోవచ్చు. ఆ తర్వాత ఎల్2 నొక్కితే కత్తి నైపుణ్యమే పలుకుతుంది. ప్యారీని వదులుకున్నందుకు బాధపడనక్కర్లేదు. అది రోజుల తరబడి సాధన చేసేవారి విద్య, కోటకు బయలుదేరే ముందురోజు నేర్చుకునేది కాదు.

సాధన చేయవలసింది గార్డ్ కౌంటర్. డాలు మీద దెబ్బ పడిన చప్పుడు వినగానే ఆర్2 నొక్కితే యోధుడు ఒక బలమైన ఎదురుదెబ్బ వేస్తాడు, అది శత్రువు నిలకడను బాగా దెబ్బతీస్తుంది. దీన్ని గేట్‌ఫ్రంట్‌లోని మామూలు కత్తి సైనికుడి మీద మొదలుపెట్టాలి. అతడు కత్తి ఎత్తేదాకా డాలు దించే ఉంచాలి, ఎందుకంటే డాలు ఎత్తి ఉన్నంతసేపూ స్టామినా నెమ్మదిగా నిండుతుంది. కత్తి కిందికి దిగడం మొదలైనప్పుడు డాలు ఎత్తాలి, చప్పుడు రాగానే ఆర్2 నొక్కాలి, వెంటనే మళ్లీ డాలు దించి ఆకుపచ్చ గీతను నిండనివ్వాలి. ఇందులో అన్నిటికంటే కష్టమైనది డాలు దించడమే. భయం వేసినప్పుడు వేలు డాలు ఎత్తే ఎల్1 బటన్ మీదే బిగుసుకుపోతుంది, ఆ బిగువు పోయేదాకా ఈ అభ్యాసం మానకూడదు. గార్డ్ కౌంటర్‌కు కూడా స్టామినా ఖర్చవుతుందనీ, శత్రువు వరుస దెబ్బల మధ్యలో దాన్ని వాడితే తరువాతి దెబ్బ నేరుగా తగులుతుందనీ గుర్తుంచుకుని, వరుసలో చివరి దెబ్బను గుర్తుపట్టి దానికే బదులివ్వాలి.

డాలు ఆపలేనివి ఏమిటో ముందే తెలిసి ఉండాలి. చేత్తో పట్టుకుని ఎత్తేసే దాడులకు డాలు అడ్డురాదు, వాటికి దొర్లడమే మార్గం. నిప్పు, మంత్రం, మెరుపు, పవిత్రశక్తి దెబ్బలు బ్రాస్ షీల్డ్ మీదుగా కొంత శాతం లోపలికి దిగుతాయి. రక్తస్రావం, విషం లాంటి గుణాలు డాలు మీద పడిన దెబ్బతో కూడా కొంచెం కొంచెం పేరుకుంటూనే ఉంటాయి. వెనుక నుంచీ పక్కల నుంచీ వచ్చేవాటి సంగతి చెప్పనక్కర్లేదు. ఒక శత్రువు మీద చూపు లాక్ చేసుకుని డాలు పట్టుకుంటే రెండోవాడు మీ వీపు వైపుకు చేరతాడు. ముందు ముందు ఆటలో తారసపడే మలేనియా అయితే డాలు మీద పడిన దెబ్బతోనూ తన ప్రాణం నింపుకుంటుంది. ఆమె సంగతి ఇప్పుడు ఎందుకంటే, ఈ ఆటను తయారుచేసినవారు డాలు పట్టేవారిని ఎన్నడూ పూర్తిగా నమ్మకంగా ఉండనివ్వరని తెలియడానికే.

ఇక మార్గిట్. అతడి కర్ర పైకి లేచి, అక్కడే ఆగి, మీరు ఊహించిన క్షణం దాటాక దిగుతుంది. కర్ర లేచినప్పుడే డాలు ఎత్తేవారికి ఆ ఆగిన సమయమంతా స్టామినా సరిగా నిండదు. బంగారు కాంతితో విసిరే బాకులూ, రెండో భాగంలో తీసే పెద్ద సుత్తీ పవిత్రశక్తివి కాబట్టి సుత్తితో ఎగిరి మీద పడేటప్పుడు దొర్లాలే తప్ప డాలు పట్టకూడదు. గుర్రం సంపాదించాక రాత్రివేళ చర్చ్ ఆఫ్ ఎల్లెకు వెళ్తే రెన్నా కనిపించి ఆత్మలను పిలిచే గంటనూ, తోడేళ్ల గుంపునూ ఇస్తుంది. మార్గిట్ గుమ్మం బయట రోజియర్ అన్న మాంత్రికుడిని సాయానికి పిలిచే గుర్తు కూడా నేల మీద మెరుస్తూ ఉంటుంది. వీరు వేసే దెబ్బల కంటే, మార్గిట్ వారివైపు తిరిగినప్పుడు మీకు డాలు దించుకుని ఊపిరి తీసుకునే వ్యవధి దొరకడమే పెద్ద లాభం. ఎంతకూ సాధ్యం కాకపోతే కోటను పక్కనుంచి చుట్టి తరువాతి ప్రాంతమైన లియూర్నియాకు పోయే దారి ఉంది. దాన్ని వాడుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

కోటలో అడుగు పెట్టగానే గాస్టాక్ అన్న ద్వారపాలకుడు ఎదురై, పెద్ద ద్వారం వద్దు, పక్కదారిన పొమ్మంటాడు. ఆ సలహా మాత్రం వినవలసిందే, పెద్ద ద్వారం వెనుక భారీ బాణయంత్రాలు గురిపెట్టి ఉంటాయి. మనిషిని మాత్రం నమ్మకూడదు: మీరు కోటలో చచ్చిన ప్రతిసారీ మీ రూనుల్లో కొంత అతడు దొంగిలిస్తాడు. అందుకని లోపలికి పోయేముందే చేతిలో ఉన్న రూనులను లెవెల్‌కో సామగ్రికో ఖర్చు చేసేయాలి. పక్కదారిలో ఇరుకు గోడల మీద నడిచేటప్పుడు, కాళ్లకు కత్తులు కట్టిన డేగలు మీద పడతాయి. దెబ్బను ఆపినా యోధుడు కొంత వెనక్కి జరుగుతాడు కాబట్టి, వీపు లోయ వైపు ఉండకుండా గోడ వైపు ఉండేలా నిలబడాలి. చీకటి గదుల్లో కాగడా పట్టుకుంటే ఎడమచేతిలో డాలుకు చోటుండదు. వీపింగ్ పెనిన్సులా పడమటి కొసన ఉండే ఒంటరి వర్తకుడి దగ్గర 1800 రూనులకు లాంతరు కొని నడుముకు వేలాడదీసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. గార్డ్ కౌంటర్ బలాన్ని పెంచే కర్వ్‌డ్ స్వర్డ్ టాలిస్మన్ కూడా ఈ కోటలోనే ఉంది కాబట్టి గదులను వదలకుండా వెతకాలి.

ఈ ఆటకు పాజ్ లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మెనూ తెరిచినా శత్రువు ఆగడు. ఇంట్లో ఎవరైనా పిలిచినా, గ్యాస్ సిలిండర్ వచ్చినా గ్రేస్ దగ్గర కూర్చుని లేవాలి, లేదా మెనూ నుంచి ఆట ముగించి లేవాలి.

కోట చివర గాడ్రిక్ ఉంటాడు. మొదటి భాగంలో అతడి గొడ్డలి దెబ్బలు భౌతికమైనవి కాబట్టి ఇంతవరకూ సాధన చేసిన పద్ధతి చక్కగా పనికొస్తుంది. సగం ప్రాణం పోయాక అతడు డ్రాగన్ తలను చేతికి అతికించుకుంటాడు. ఆ దృశ్యం నడుస్తున్నప్పుడే డాలు మీద ఆశ తగ్గించుకుని దొర్లడానికి సిద్ధపడాలి. డ్రాగన్ నోటి నుంచి నిప్పు వస్తున్నంతసేపూ డాలు దించి, పక్కకు పరుగెత్తి, అతడి వీపు వైపుకు చేరాలి. నిప్పు ఆగేసరికి ఆకుపచ్చ గీత ఎంత నిండి ఉందో చూసుకుని, సగానికి తక్కువ ఉంటే ఒక దెబ్బ, నిండుగా ఉంటే రెండు దెబ్బలు వేసి వెనక్కి తగ్గాలి.