మీ ఊరి మాన్యం ఎవరికిచ్చారో, ఎందుకిచ్చారో తెలుసుకోవడం ఇలా

మాది మైదుకూరు దగ్గర పల్లె. మా చేనును ఊళ్లో అందరూ ‘కుమ్మరి మాన్యం’ అంటారు. చిన్నప్పుడొకసారి మాన్యమంటే ఏందని అడిగితే, మా జేజి చేతిలోని చాట కింద పెట్టి, “ఊరికి కుండలు చేసిపెట్టినందుకు ఇచ్చిన చేను నాయనా” అంది. అప్పట్నుంచి ఏ ఊరికి పోయినా చేల పేర్లు అడిగి నోట్‌బుక్కులో రాసుకుంటున్నా. మీరూ అట్లే మొదలుపెట్టండి.

ముందు పెద్దవాళ్లను అడగండి. పాసు పుస్తకంలో సర్వే నంబరే ఉంటుంది, పేరు వాళ్ల నోట్లో ఉంటుంది. పూజారి మాన్యం, మంగలి మాన్యం, తలారి మాన్యం: మొదటి మాటే ఎవరికిచ్చారో చెప్పేస్తుంది.

ఇక రెండో మాట. మాన్యం సంస్కృతం నుంచి వచ్చింది. ‘మాన్య’ అంటే గౌరవించదగిన అని. సన్మానం, మాననీయులు అనే మాటలూ అక్కడివే. పన్ను లేకుండానో, తక్కువ పన్నుతోనో అనుభవించమని ఇచ్చిన భూమికి తెలుగులో ఆ పేరు నిలిచిపోయింది. కుండలు చేసే మనిషికిచ్చిన చేనుకు కూడా గౌరవం అనే మాటే పెట్టారు. నాకు ఈ మాటంటే ప్రాణం అందుకే.

ఇట్లా ఇచ్చిన భూమినే ఈనాం అని కూడా అంటారు. ఆ మాట దగ్గర మాత్రం జాగ్రత్త. ఇవ్వడం అనే అర్థమున్న మన ‘ఈవి’లోని ‘ఈ’ కాదది. నేనూ చాన్నాళ్లు అదేననుకున్నా. అరబ్బీ ‘ఇన్‌ఆమ్’ పారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చింది, అర్థం బహుమానం. సందేహమొస్తే 1852 నాటి బ్రౌను నిఘంటువు తీయండి. ఆయన కడపలో పనిచేసినవాడు, మన పలుకుబడులు బాగా ఎరిగినవాడు.

‘దశబంధం’ అని వినబడితే వదలొద్దు. చెరువు తవ్వించినవాళ్లకు, బాగుచేయించినవాళ్లకు ఇచ్చిన ఈనాం అది. దశ అంటే పది; పదో వంతు లెక్క. చెరువు కట్టడం ఎంత పనో తెలియాలంటే పోరుమామిళ్లకు పోండి. అక్కడి 1369 నాటి శాసనంలో రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేసినట్టు రాసుంది.

చివరగా రెవెన్యూ ఆఫీసులో పాత ఈనాం రిజిస్టరు చూపించమని అడగండి. ఏ సేవకు ఇచ్చారో అందులో రాసుంటుంది. రాసుకునేటప్పుడు చెప్పినవాళ్ల వయసు, తేదీ కూడా వేసుకోండి. నా నోట్‌బుక్కు మొదటి పేజీలో జేజి మాటే ఉంది: “కుమ్మరి మాన్యం. కుండలకు.”