విద్యుద్రసాయన శాస్త్రం, మూడో పాఠం: నెర్న్‌స్ట్ సమీకరణాన్ని వాడటం

రెండో పాఠంలో ప్రమాణ ఘట పొటెన్షియల్ కట్టడం నేర్చుకున్నాం. కాథోడ్ (క్షయకరణం జరిగే ధ్రువం) ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్ నుంచి ఆనోడ్‌ది (ఆక్సీకరణం జరిగే ధ్రువం) తీసేస్తే చాలు. డేనియల్ ఘటంలో రాగికి 0.34, జింక్‌కు −0.76 కాబట్టి 1.10 వోల్టులు వచ్చింది. అయితే ఆ లెక్క ద్రావణాలు రెండూ 1 మోలార్ గాఢతలో ఉన్నప్పటిది. పరీక్షలో గాఢత 0.01 అనో 0.1 అనో ఇస్తారు. అప్పుడు పనికొచ్చేది 1889లో జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ ఇచ్చిన సూత్రం:

ఘట పొటెన్షియల్ = ప్రమాణ ఘట పొటెన్షియల్ − (0.0591 ÷ ఎన్) × లాగ్ క్యూ

దీన్ని కంఠస్థం చేయడం తేలిక. తప్పులన్నీ ‘ఎన్’ దగ్గర, ‘క్యూ’ దగ్గరే జరుగుతాయి. అందుకే నా షరతు ఒక్కటే: ముందు సమతుల్యం చేసిన ఘట చర్య కాగితం మీద పడాలి, ఆ తర్వాతే సూత్రం. చర్య రాస్తే ఎన్ని ఎలక్ట్రాన్లు చేతులు మారాయో తెలుస్తుంది, అదే ఎన్. ఉత్పన్నాల గాఢతలు పైన, క్రియాజనకాల గాఢతలు కింద, గుణకాలు ఘాతాలుగా రాస్తే అది క్యూ. ఘన లోహాలకు అందులో చోటు లేదు.

డేనియల్ ఘటంలో జింక్ అయాన్లు 1 మోలార్, రాగి అయాన్లు 0.01 మోలార్ ఉన్నాయనుకోండి. చర్యలో జింక్ కరిగి అయాన్ అవుతుంది, రాగి అయాన్ లోహమై అంటుకుంటుంది. ఎన్ విలువ 2. క్యూ అంటే 1 ÷ 0.01, అంటే 100. దాని లాగ్ 2. కాబట్టి 1.10 − 0.0591 = 1.041 వోల్టులు. క్యూను తలకిందులుగా రాసినవారికి 1.159 వస్తుంది. కాలిక్యులేటర్ ఈ తప్పును పట్టుకోదు, మీరే పట్టుకోవాలి. ఖర్చయ్యే రాగి అయాన్లు తక్కువగా ఉన్నాయి కాబట్టి చర్య ఊపు తగ్గాలి, వోల్టేజీ 1.10 కన్నా దిగాలి. జవాబు రాసిన ప్రతిసారీ ‘వోల్టేజీ పెరగాలా, తగ్గాలా?’ అని ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి.

0.0591 అనేది 298 కెల్విన్ దగ్గరి విలువ మాత్రమే. 2.303 × 8.314 × ఉష్ణోగ్రత ÷ 96,500 చేస్తే అది వస్తుంది (8.314 వాయు స్థిరాంకం, 96,500 ఫారడే స్థిరాంకం). మే నెలలో తిరుపతిలో 42 డిగ్రీల ఎండలో, అంటే 315 కెల్విన్ దగ్గర, అదే సంఖ్య దాదాపు 0.0625 అవుతుంది. ప్రశ్నలో వేరే ఉష్ణోగ్రత ఇచ్చారంటే అది అలంకారానికి కాదు.

ఈ సూత్రం పనిచేస్తుంటే చూడాలనుకుంటే ఇంట్లోని ఇన్వర్టర్ బ్యాటరీ చాలు. తిరుపతి పక్కనే కరకంబాడిలోని అమరరాజా కర్మాగారానికి పేరు తెచ్చింది ఈ లెడ్ యాసిడ్ జాతి బ్యాటరీలే. ఒక్కో ఘటం సుమారు 2 వోల్టులు, ఆరు కలిస్తే 12. ఇందులో సీసం, సీసం డయాక్సైడ్, రెండు అణువుల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిసి లెడ్ సల్ఫేట్, నీరు అవుతాయి. బ్యాటరీ వాడేకొద్దీ ఆమ్లం తరుగుతుంది, నీరు పెరుగుతుంది. క్యూలో ఆమ్లం కింద, అదీ వర్గంలో ఉంది కాబట్టి క్యూ పెరిగి వోల్టేజీ పడిపోతుంది. బ్యాటరీ దుకాణంలో మెకానిక్ గాజు గొట్టంతో ద్రవం పీల్చి, లోపల తేలే గీతల పుల్లను చూస్తాడే, ఆ హైడ్రోమీటర్ చెప్పేది ఆమ్లం ఎంత మిగిలిందనే. నిండా ఛార్జి ఉంటే సాపేక్ష సాంద్రత 1.25 పైన ఉంటుంది, అయిపోతే 1.15 దగ్గరికి దిగుతుంది. తరిగిన ఆమ్లం ఎక్కడికీ పోలేదు, సల్ఫేట్‌గా పలకల మీదే ఉంది. ఛార్జి చేస్తే తిరిగి వస్తుంది. ఛార్జింగ్‌లో విడిపోయి ఆవిరయ్యేది నీరే కాబట్టి మనం పోసేది కూడా డిస్టిల్డ్ వాటరే.

బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే? ఘట పొటెన్షియల్ సున్నా, క్యూ స్థానంలో సమతాస్థితి స్థిరాంకం కె. అప్పుడు లాగ్ కె = ఎన్ × ప్రమాణ పొటెన్షియల్ ÷ 0.0591. డేనియల్ ఘటానికి ఇది దాదాపు 37. అంటే చర్య ఇంచుమించు చివరిదాకా వెళ్తుందన్నమాట.

ఇక చాలామందిని బోల్తా కొట్టించే చోటు. చర్యను రెండుతో గుణిస్తే పొటెన్షియల్‌ను గుణించకూడదు. అలిపిరి మెట్లు ఒకరు ఎక్కినా వందమంది ఎక్కినా కొండ ఎత్తు అదే, మొత్తం శ్రమ మాత్రం మనుషుల లెక్కన పెరుగుతుంది. పొటెన్షియల్ ఆ ఎత్తు. శ్రమ లెక్క చెప్పేది గిబ్స్ శక్తి మార్పు: డెల్టా జి = − ఎన్ × ఎఫ్ × పొటెన్షియల్ (ఎఫ్ అంటే ఫారడే స్థిరాంకం). అంచెలు కలిపేటప్పుడు కూడాల్సింది ఇదే, పొటెన్షియల్‌ను కాదు.

ఫెర్రిక్ (మూడు ధనావేశాల ఇనుము అయాన్) నుంచి ఫెర్రస్‌కు (రెండు ధనావేశాలది) 0.77 వోల్టులు, ఫెర్రస్ నుంచి ఇనుముకు −0.44. ఫెర్రిక్ నుంచి నేరుగా ఇనుముకు ఎంత? 0.33 అని రాసినవారికి మార్కులు పోయినట్టే. మొదటి అంచెలో ఒక ఎలక్ట్రాన్, రెండో అంచెలో రెండు. 1 × 0.77 − 2 × 0.44 = −0.11, దాన్ని మొత్తం మూడు ఎలక్ట్రాన్లతో భాగిస్తే దాదాపు −0.04 వోల్టులు. గుర్తు కూడా మారిపోయింది చూడండి.

అభ్యాసానికి రెండు. జింక్–వెండి ఘటంలో జింక్ అయాన్లు 1 మోలార్, వెండి అయాన్లు 0.01 మోలార్, ప్రమాణ ఘట పొటెన్షియల్ 1.56. (వెండికి ఘాతం 2 అని మరవకండి. జవాబు 1.442 వోల్టులు.) రెండోది: పీహెచ్ 7 ఉన్న నీటిలో, 1 అట్మాస్ఫియర్ పీడనం దగ్గర హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ క్షయకరణ పొటెన్షియల్ ఎంత? (−0.414 వోల్టులు.) నాలుగో పాఠం ఫారడే నియమాలు, వెండి పూత లెక్కలతో.