టీమ్ చాట్‌లో మెసేజ్ ఎలా రాస్తే ఒక్క చూపులో అర్థమవుతుంది?

మా ఆఫీసు బెంగళూరు బెళ్లందూరులో. టీమ్‌లో తెలుగువాళ్లం నలుగురం, మిగతావాళ్లు కన్నడం, తమిళం, హిందీ. అందరం రాసేది ఇంగ్లీషే, అది మాలో ఎవరి ఇంటి భాషా కాదు. వాక్యం కాస్త తప్పినా ఎవరూ పట్టించుకోరు. కానీ అన్నీ ఒకే ముద్దగా రాస్తే మాత్రం పని ఆగిపోతుంది.

కొత్తగా చేరిన అనంతపురం కుర్రాడు ఒక మధ్యాహ్నం నాకు పంపిన మెసేజ్ చూడండి. మా ఇద్దరి మధ్య కాబట్టి తెలుగులోనే రాశాడు.

"అన్నా నిన్న రాత్రి డిప్లాయ్ చేశాక స్టేజింగ్‌లో పేమెంట్ పేజీ 504 ఇస్తోంది లాగ్స్ చూశా గేట్‌వేలో టైమవుట్ 30 సెకన్ల నుంచి 5కి మారినట్టుంది ఎవరు మార్చారో తెలీదు రోల్‌బ్యాక్ చేయమంటావా 4 గంటలకి డెమో ఉంది"

అంటే, కొత్త కోడ్ ఎక్కించాక (డిప్లాయ్) పరీక్షల సర్వర్‌లో (స్టేజింగ్) డబ్బు కట్టే పేజీ సమయం దాటిపోయిందన్న ఎర్రర్ (504) ఇస్తోంది, పాత వెర్షన్‌కి తిప్పేయమంటావా (రోల్‌బ్యాక్) అని. నేనప్పుడు సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో ఇరుక్కుని ఉన్నాను. ఫోన్ మీద కనబడింది "అన్నా నిన్న రాత్రి డిప్లాయ్ చేశాక" వరకే. ఏదో నిన్నటి కబురు చెబుతున్నాడులే అని ఫోన్ జేబులో పెట్టేశాను. డెమో పేమెంట్ పేజీ లేకుండానే జరిగింది. మర్నాడు ఇద్దరం టీ పట్టుకుని కూర్చుని దాన్నే ఇలా తిరగరాశాం:

*అన్నా, 4 గంటల డెమోలోపు చెప్పాలి: రోల్‌బ్యాక్ చేయమంటావా?*
స్టేజింగ్‌లో పేమెంట్ పేజీ `504` ఇస్తోంది, నిన్న రాత్రి డిప్లాయ్ అయినప్పటి నుంచి.
- గేట్‌వే టైమవుట్ `30` సెకన్ల నుంచి `5`కి మారినట్టుంది
- ఎవరు మార్చారో తెలీదు

కొత్త సమాచారం ఏమీ చేర్చలేదు. వరస మార్చి, నాలుగు గుర్తులు పెట్టాం, అంతే. ఇప్పుడు ఒక్కో పనీ చూద్దాం.

మొదటి పని: అడగాల్సింది ముందు అడగండి. అవతలివాళ్లు ఏం చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్నది మొదటి లైన్‌లో ఉండాలి. కథ తర్వాత చెప్పుకోవచ్చు. బోల్డ్ చేయదలిస్తే (పైన స్టార్ల మధ్య పెట్టినట్టు) ఆ లైన్ ఒక్కటే చేయండి. ఒకే మెసేజ్‌లో ఐదు చోట్ల బోల్డ్ పెట్టేవాళ్లని చూస్తే నాకు పెళ్లి శుభలేఖ గుర్తొస్తుంది, అందరి పేర్లూ పెద్ద అక్షరాలే! ఇంగ్లీషులో అన్నీ క్యాపిటల్స్‌లో కొడితే అరిచినట్టుంటుంది, అదీ వద్దు. తెలుగులో రాసేటప్పుడు ఇటాలిక్ జోలికి పోకండి. మన లిపికి ఆ అలవాటు లేదు, అక్షరాల్ని పక్కకి వంచితే ఒత్తులు చదవడం కష్టం.

రెండో పని, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది: ఉన్నదున్నట్టు కాపీ చేయాల్సిన ప్రతిదాన్నీ బ్యాక్‌టిక్‌ల మధ్య పెట్టండి. కమాండ్, ఫైల్ పేరు, ఎర్రర్ నంబరు, కాన్ఫిగ్ విలువ, ఏదైనా సరే. మామూలు కీబోర్డులో ఎస్కేప్ కీకి కింద, 1 అంకెకి ఎడమ పక్కన ఉండే ఈ ` గుర్తే బ్యాక్‌టిక్. కొటేషన్ గుర్తు వేరు, ఇది వేరు.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఒకసారి రాత్రి షిఫ్టువాళ్ల కోసం కమాండ్లన్నీ వర్డ్ ఫైల్‌లో రాసి, అక్కణ్నుంచి చాట్‌లోకి పేస్ట్ చేసి ఇంటికెళ్లిపోయాను. వర్డ్ నా రెండు హైఫన్లని (--) కలిపి ఒక పొడుగు గీత (–) చేసేసింది, నిటారు కొటేషన్లని ("") వంకర కొటేషన్లుగా (“”) మార్చింది. కంటికి తేడా తెలియదు, కమాండ్లు నడిపే టెర్మినల్‌కి తెలుస్తుంది. ఆ రాత్రి అవతలి అమ్మాయి గంటసేపు వెతుక్కుంది. అందుకే కమాండ్లు వర్డ్‌లో రాయకండి, ఏదైనా కోడ్ ఎడిటర్‌లో రాసి బ్యాక్‌టిక్‌ల మధ్య పెట్టండి.

బ్యాక్‌టిక్ లేకపోతే చాట్ కూడా తన తెలివి చూపిస్తుంది. పైథాన్‌లో __ఇనిట్__ అని పెట్టే పేరు ఉంది కదా, అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్‌లతో. కోడ్ దాచుకుని దాని మీద మాట్లాడుకునే గిట్‌హబ్ సైట్‌లో దాన్ని అలాగే కొడితే అండర్‌స్కోర్‌లు మాయమై పేరు బోల్డ్ అయిపోతుంది. 2*3*4 అని కొడితే స్టార్లు పోయి 3 ఇటాలిక్ అవుతుంది.

ఒకటి కంటే ఎక్కువ లైన్లుంటే పైన మూడు బ్యాక్‌టిక్‌లు, కింద మూడు. గిట్‌హబ్‌లో పై మూడింటి పక్కనే భాష పేరు రాస్తే కోడ్‌కి రంగులు కూడా వస్తాయి. లాగ్ మొత్తం కుమ్మరించకండి. ఎర్రర్ చుట్టూ పది లైన్లు చాలు, మిగతాది ఫైల్‌గా జోడించండి. పాస్‌వర్డులు, టోకెన్లు, కస్టమర్ల ఫోన్ నంబర్లు ముందే తీసేయండి. ఎర్రర్‌ని స్క్రీన్‌షాట్‌గా పంపితే దాన్ని తేలిగ్గా కాపీ చేయలేం, ఆరు నెలల తర్వాత వెతికితే దొరకదు.

మూడో పని: లిస్టు. ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సినవైతే అంకెలు వేయండి, "3 దగ్గర ఆగిపోయింది" అని చెప్పడం తేలిక. వరస లేనివాటికి చుక్కలు చాలు. రెండే విషయాలుంటే లిస్టు అక్కర్లేదు, వాక్యమే రాయండి.

నాలుగో పని: ఎక్కడ రాస్తున్నారో చూసుకోండి. ఈ స్టార్లూ గీతలూ చాలావరకు జాన్ గ్రూబర్ 2004లో తెచ్చిన మార్క్‌డౌన్ అనే రాత పద్ధతి నుంచి వచ్చినవే. ఆయన వాటిని మామూలు ఈమెయిళ్లలో జనం అప్పటికే వాడుతున్న అలవాట్ల నుంచి తీసుకున్నాడు. కానీ ఒక్కో చోట ఒక్కో యాస. ఆఫీసు చాట్ యాప్ స్లాక్‌లో, వాట్సాప్‌లో బోల్డ్‌కి అటూ ఇటూ ఒక్కో స్టార్ చాలు. గిట్‌హబ్‌లో రెండేసి కావాలి, ఒక్కటే పెడితే ఇటాలిక్. గిట్‌హబ్ కామెంట్లో ఎంటర్ కొడితే కొత్త లైన్ వస్తుంది, అదే ప్రాజెక్టు గురించి చెప్పే రీడ్‌మీ ఫైల్‌లో మధ్యన ఖాళీ లైన్ వదలకపోతే రెండూ కలిసిపోతాయి. పంపేముందు ప్రివ్యూ ట్యాబ్ ఒకసారి నొక్కండి. కోడ్‌లో చేసిన మార్పుని గిట్‌లో దాచేటప్పుడు రాసే కమిట్ మెసేజ్‌లో మాత్రం ఈ అలంకారాలు పనికిరావు. అక్కడి ఆనవాయితీ: మొదటి లైన్ 50 అక్షరాల లోపు, తర్వాత ఒక ఖాళీ లైన్, కింద వివరం 72 అక్షరాలకొక లైన్ చొప్పున.

చివరిది, చాలామంది వాడనిది: కొట్టివేత. మెసేజ్ పంపాక సంగతి మారితే పాతదాన్ని చెరిపేయకండి, స్లాక్‌లో ~ గుర్తుల మధ్య పెట్టండి. చెరిపేస్తే కింద జవాబిచ్చినవాళ్లు గాలిలో మాట్లాడినట్టుంటుంది.

మొన్న మళ్లీ అదే పేజీ పడిపోయింది. ఈసారి నేను బస్సు దిగి చూసేసరికి మా అనంతపురం తమ్ముడి మెసేజ్ ఇలా ఉంది:

~అన్నా, 2 గంటల్లోపు చెప్పాలి: రోల్‌బ్యాక్ చేయమంటావా?~
1.20కి టీమ్ లీడ్‌ని అడిగి చేసేశా. నువ్వు అన్నం తిని రా.