తలసరి ఆదాయం పక్కనపెట్టి మన జిల్లా ఎలా ఉందో చూసుకోవడం ఎలా

తలసరి ఆదాయం అంటే మొత్తం డబ్బుని జనంతో భాగించడమే కదా, తెలంగాణలో ఆ లిస్టులో పైన ఉండేది రంగారెడ్డి, గచ్చిబౌలి ఐటీ డబ్బంతా ఆ జిల్లా ఖాతాలోనే పడుతుంది మరి, ఆ లెక్కన అదే జిల్లాలోని యాచారం రైతు కూడా డబ్బున్నోడే.

అందుకే ముందు గూగుల్‌లో మీ జిల్లా పేరు, పక్కన ఎన్ఎఫ్‌హెచ్ఎస్ 5 ఫ్యాక్ట్ షీట్ అని కొట్టండి, 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పీడీఎఫ్ దొరుకుతుంది. ఆంధ్రాలో 2022లో వచ్చిన కొత్త జిల్లాలు అందులో లేవు, పాత జిల్లా పేరుతో వెతకాలి. ములుగు వాళ్లు భూపాలపల్లిది, నారాయణపేట వాళ్లు మహబూబ్‌నగర్‌ది చూడండి.

అన్నీ చదవక్కర్లేదు. నేనైతే ముందు ఆడవాళ్ల రక్తహీనత, 18 నిండకముందు పెళ్లిళ్లు చూస్తా. 20-24 ఏళ్ల ఆడవాళ్లలో అలా పెళ్లైనవాళ్లు ఆంధ్రాలో 29.3 శాతం, కేరళలో 6.3. ఆడవాళ్లలో రక్తహీనత దేశం మొత్తమ్మీద 57 శాతం ఉంటే తెలంగాణలో 57.6, ఇంత ఆదాయం ఉండి కూడా!

సర్వేలో లేనివి మీరే అడగాలి, దీనికి జనం ఎంత ఆనందంగా ఉన్నారో కొలిచే భూటాన్ పద్ధతి బాగుంటుంది. వాళ్లు ఆరోగ్యం, చదువు, టైము, ఇరుగుపొరుగు ఇలా 9 విషయాలు తీసుకుని, వాటి కిందొచ్చే 33 అంశాల్లో ఒక్కోదానికి ఇంతుంటే చాలు అని గీత గీస్తారు, 66 శాతం గీతలు దాటిన మనిషినే బాగున్నట్టు లెక్కేస్తారు. గీత దాటాక ఎంత ఎక్కువున్నా మార్కులు రావు, అంటే ఒకడి కోట్లు ఇంకొకరి లోటుని కప్పెయ్యవు, నాకు నచ్చింది అదే. మీ వీధిలో ఓ ఇరవై ఇళ్లలో అడిగితే చాలు.

టైము ప్రశ్న మాత్రం వదలొద్దు. వాళ్ల గీత నిద్రకి కనీసం 8 గంటలు, పని 8 గంటలు దాటకూడదు, ఇంటిపని, పిల్లల్ని చూసుకోవడం కూడా పనే. ఇది ఆడవాళ్లనే విడిగా అడగండి. మా ఇంట్లో నాన్న "మీ అమ్మకేం, హాయిగా ఎనిమిది గంటలు పడుకుంటుంది" అన్నాడు, అమ్మేమో పదకొండుకి పడుకుని నాలుగున్నరకి లేస్తుంది.

గీతలు అడగకముందే కాగితం మీద రాసి పెట్టుకోండి, జవాబులు చూశాక మార్చకూడదు, ఆరు గంటల నిద్ర చాలులే అనుకుంటే మా అమ్మ కూడా ఇంచుమించు పాసైపోతుంది.