ఆవకాయ పార్సిల్ కారకుండా చేరాలంటే

మిఠాయి దారిలో విరిగితే తినేవాళ్లు సర్దుకుంటారు. ఆవకాయ కారిందంటే మాత్రం నష్టం మన పెట్టెతో ఆగదు. నేను పచ్చళ్లు అమ్మడం మొదలుపెట్టిన మొదటి వేసవిలో బెంగళూరుకి రెండు కిలోలు పంపితే, దారిలో కారి పక్కనే ఉన్న ఎవరిదో చీరల పార్సిల్ తడిసిపోయింది. తప్పు నాదే, సీలు సరిగా వేయలేదు. చీరల డబ్బు కట్టాను. డబ్బు కన్నా, ఎవరింటి పెళ్లి చీరలో అన్న బాధే ఎక్కువ రోజులు వదల్లేదు. అందుకే ఈ పని ఎలా చేయాలో వివరంగా చెబుతున్నాను.

కలిపిన రోజే పచ్చడి కట్టొద్దు. మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసి, ఇంకో వారానికి పైగా జాడీలో ఊరనివ్వండి. కొత్తలో ముక్కలోంచి ఊట దిగుతూ ఉంటుంది. అప్పుడే కట్టేస్తే పౌచ్ గాలితో ఉబ్బుతుంది. దాని మీద ఇంకో పెట్టె బరువు పడిందా, సీలు దగ్గరే చిట్లుతుంది.

ఇక అసలు కిటుకంతా సీలులోనే, అంటే పౌచ్ మూతిని వేడితో అతికించడంలోనే ఉంది. సీలు పడే చోట ఒక్క నూనె బొట్టున్నా ప్లాస్టిక్ అతుక్కోదు. చూడటానికి అతుక్కున్నట్టే కనిపిస్తుంది, అదే ప్రమాదం. నేను ఖాళీ పౌచ్ మూతిని ముందు బయటికి, చొక్కా చెయ్యి మడిచినట్టు, మూడు వేళ్ల వెడల్పున మడుస్తాను. తర్వాత కాటా మీద పెట్టి అరకిలో తూచి నింపుతాను. గరిట తగిలినా మడత మీదే తగులుతుంది. మడత విప్పితే లోపలి అంచు పొడిగా ఉంటుంది. అయినా ఒకసారి పొడి నూలుబట్టతో తుడుస్తాను. పైన మూడో వంతు ఖాళీ ఉంచి, గాలి నొక్కేసి, వేలెడు ఎడంతో రెండు సీళ్లు వేస్తాను.

ఆ రాత్రికి పౌచ్‌లన్నీ పాత పేపరు మీద బోర్లా పడుకోబెట్టి, పైన రెండు కిలోల బియ్యం సంచి పెడతాను. పొద్దున్నే ముందు ఆ పేపరు చూస్తాను. గోరంత మరక కనిపించినా ఆ పచ్చడి మళ్లీ కొత్త పౌచ్‌లోకి వెళ్లాల్సిందే. ఎంత తొందర ఆర్డరైనా ఈ ఒక్క రాత్రి మానను.

చీటీ మీద పదార్థాలు, బరువు, తయారీ తేదీ, మన చిరునామా, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు, శాకాహారం ఆకుపచ్చ గుర్తు ఉండాలి.

ఒక్కో పౌచ్‌ని ఇంకో కవర్లో వేసి బబుల్ షీట్ చుట్టండి. కిరాణా కొట్లో ఇచ్చే పాత అట్టపెట్టెలు మెత్తబడి ఉంటాయి, వద్దు. ఐదు పొరల అట్టపెట్టె కొనండి. మూలల్లో నలిపిన కాగితం కూరి, చెవి దగ్గర ఊపి చూడండి. లోపల ఏదీ కదలకూడదు. టేపు మధ్యలో ఒక్క గీత వేస్తే చాలదు, రెండు పక్కల అంచులకీ వేయాలి.

స్పీడ్ పోస్ట్‌లో 500 గ్రాములు దాటాక చార్జీ ప్రతి 500 గ్రాములకీ పెరుగుతుంది. కిలోన్నర పచ్చడికి పెట్టె బరువు కలిస్తే రెండు కిలోల చార్జీ పడుతుంది. అందుకే ‘అదే చార్జీలో ఇంకో పావుకిలో కందిపొడి వస్తుంది, వేయమంటారా?’ అని ముందే అడుగుతాను. విమానంలో పంపే కొరియర్లు పెట్టె సైజు కూడా లెక్కేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. 30, 20, 20 పెట్టె అంటే లోపల కిలో ఉన్నా 2.4 కిలోల కిందే లెక్క. పెద్ద పెట్టెలో చిన్న సరుకు పెట్టొద్దు. హైదరాబాద్ వాళ్లు బస్టాండుకి వచ్చి తీసుకోగలిగితే ఆర్టీసీ కార్గో మంచిది.

రామాలయం వీధి లేని ఊరు మన దగ్గర అరుదు. అందుకే పిన్‌కోడ్ ఫోన్‌లో చదివించుకుని, తిరిగి నేను చదివి వినిపిస్తాను. అందులో మొదటి మూడంకెలు సార్టింగ్ జిల్లాని, చివరి మూడు పోస్టాఫీసుని చెబుతాయి. ఒక్క అంకె తప్పితే ఊరే మారిపోతుంది. జెల్ పెన్ను తడికి చెదురుతుంది, బాల్ పెన్నుతో రాయండి. అదే చిరునామా రాసిన కాగితం ఇంకొకటి పెట్టె లోపలా వేయండి. పైచీటీ ఊడిపోయినా పార్సిల్ దిక్కులేనిది కాదు.

శనివారం పంపకండి. ఆదివారమంతా ఎండాకాలం గోడౌన్‌లో మగ్గుతుంది. నేను సోమ, మంగళవారాల్లోనే పంపి, రసీదు ఫొటో వాట్సాప్‌లో పెడతాను.

చేరిన రోజు తప్పకుండా ఫోన్ చేస్తాను. ప్రయాణంలో నూనె ఒక పక్కకి చేరి ముక్కలు పొడిగా కనిపిస్తాయి, కొత్తవాళ్లు చూసి కంగారుపడతారు. పొడి సీసాలోకి మార్చి, కలిపి, పైకి తేలేంత పప్పునూనె పోసుకోమని, ఒక పూట ఆగి అన్నంలో కలుపుకోమని చెబుతాను.