చదివిన నవల మీద మీ అభిప్రాయం ఎలా చెప్పాలి

1936లో లండన్ ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ తన సంస్థకు వచ్చిన ఒక పిల్లల నవల రాతప్రతిని పదేళ్ల కొడుకు రేనర్ చేతికిచ్చి, చదివి ఎలా ఉందో రాసిమ్మన్నారు. పిల్లల పుస్తకం బాగోగులు తేల్చవలసినది పిల్లలేనని ఆయన నమ్మేవారు. అలా రాసిచ్చినందుకు ఒక షిల్లింగు ఇచ్చేవారు. రేనర్ నివేదిక చిన్న పేరాకు మించదు. కథానాయకుడు ఎవరు, ఇల్లు కదలనివాడు ప్రయాణానికి ఎలా ఒప్పుకున్నాడు, దారిలో ఎవరితో పోరాడాడు, చివరికి ఏమి సంపాదించుకొని తిరిగి వచ్చాడు అన్నవి చెప్పి, మ్యాపులు ఉంటే బొమ్మలు అవసరం లేదని, పుస్తకం బాగుందని, 5 నుంచి 9 ఏళ్ల పిల్లలందరికీ నచ్చుతుందని ముగించాడు. అక్షరదోషాలు కూడా ఉన్నాయి. ఆ నవల టోల్కీన్ రాసిన ‘ది హాబిట్’. 1937 సెప్టెంబరులో వెలువడిన మొదటి ముద్రణ 1500 ప్రతులు ఆ డిసెంబరు నాటికే అమ్ముడైపోయాయి. పదేళ్లవాడు ఆ పుస్తకాన్ని తొమ్మిదేళ్ల లోపువారికి సిఫారసు చేయడంలోని పెద్దరికాన్ని చూసి నవ్వుకోవచ్చు గానీ, ఆ నివేదికలో ఉండవలసినవన్నీ ఉన్నాయి: కథ ఏమిటో ఉంది, తన తీర్పు ఉంది, పుస్తకం ఎవరికి పనికివస్తుందో ఉంది.

అయితే అదే నివేదికను ఈ రోజు మీ స్నేహితులకు వినిపిస్తే వారు చెవులు మూసుకుంటారు, ఎందుకంటే అందులో ముగింపు కూడా చెప్పేశాడు. అచ్చువేయాలా వద్దా అని ఆలోచించే ప్రచురణకర్తకు ముగింపు తెలియాలి. చదవాలా వద్దా అని ఆలోచించే పాఠకుడికి తెలియకూడదు. అందువల్ల అభిప్రాయం చెప్పడానికి కూర్చున్నప్పుడు మొదట తేల్చుకోవలసినది, వినేవారు ఆ నవల చదివినవారా, చదవబోయేవారా అన్నది. చదివినవారితో అయితే ఏ పేజీ గురించైనా మాట్లాడవచ్చు. చదవబోయేవారికి చెప్పేటప్పుడు మాత్రం చాలా విషయాలు మనసులోనే దాచుకొని, వాటి వల్ల మీకు కలిగిన అనుభూతిని మాత్రమే బయటపెట్టవలసి ఉంటుంది. రెండవదే కష్టం, కాబట్టి ఇక్కడ ఎక్కువగా దాని గురించే చెబుతాను.

చదువుతున్నప్పుడే గుర్తు పెట్టుకోవలసినవి

నవల ముగించి వారం గడిచాక రాయబోతే చేతికి మిగిలేది కథాసారాంశం, దానితోపాటు ‘బాగుంది’ అనో ‘బోరు’ అనో ఒక స్థూలమైన భావన మాత్రమే. ఆ భావన ఏ పేజీలో మొదలైందో అప్పటికి జ్ఞాపకం ఉండదు. అందువల్ల చదువుతున్నంతసేపూ ఒక కాగితం ముక్కను పుస్తకంలోనే ఉంచుకొని, ఏదైనా అనిపించిన చోట పేజీ సంఖ్య, పక్కన ఒకటి రెండు మాటలు రాసుకోవడం మంచిది. ‘72, నవ్వొచ్చింది’, ‘115, వీడి మీద అనుమానం’, ‘140 నుంచి 160 వరకు సాగదీత’ అన్నంత మాత్రం చాలు. అంతకంటే ఎక్కువ రాయబోతే చదవడం ఆగిపోయి, నవల కాస్తా పాఠ్యపుస్తకంలా తయారవుతుంది.

ఏమి గుర్తు పెట్టుకోవాలో తోచనివారికి ఆంగ్ల రచయిత ఏడన్ చాంబర్స్ సూచించిన పద్ధతి ఉపయోగపడుతుంది. ఉపాధ్యాయుడిగా కూడా పనిచేసిన ఆయన, పిల్లలతో పుస్తకాల గురించి మాట్లాడించడం ఎలాగో 1993లో ‘టెల్ మీ’ అనే పుస్తకంలో వివరించారు. నచ్చినది ఏమిటి, నచ్చనిది ఏమిటి, అంతుపట్టనిది ఏమిటి, మళ్లీ మళ్లీ కనిపించే పోలికలూ పునరావృత్తులూ ఏమైనా ఉన్నాయా అన్నవి ఆయన మూల ప్రశ్నలు. వీటిలో మొదటి రెండింటినీ ఎవరైనా అడుగుతారు. నా దృష్టిలో అసలు విలువైనది మూడవది. అర్థం కాని చోటును దాచిపెట్టాలని చాలామంది చూస్తారు, అది తమ తెలివితక్కువ అనుకుంటారు. కానీ ఒక పాత్ర ఎందుకలా ప్రవర్తించిందో మీకు అంతుపట్టకపోతే, ఆ సందేహమే తక్కిన పాఠకులతో మాట్లాడడానికి అన్నిటికంటే మంచి ప్రారంభం అవుతుంది, పైగా లోపం రచనలోనే ఉందని చివరికి తేలవచ్చు కూడా.

నవలను మధ్యలో వదిలేసినా అభిప్రాయం చెప్పవచ్చు. ఫ్రెంచి రచయిత దానియెల్ పెన్నాక్ 1992లో పాఠకుడి హక్కులంటూ పదింటిని పేర్కొన్నప్పుడు, పుస్తకాన్ని పూర్తి చేయకుండా వదిలే హక్కును కూడా వాటిలో చేర్చారు. అయితే వదిలేసిన సంగతి, ఎక్కడ వదిలేశారన్న సంగతి మొదటే చెప్పాలి. ‘నూరవ పేజీ దాకా చదివాను, అప్పటికీ కథ మొదలు కాలేదు’ అన్నది నిజాయితీ గల అభిప్రాయం. నూరు పేజీలు చదివి మొత్తం నవల చెత్త అనడం అన్యాయం.

‘బాగుంది’ తరువాత ఏమిటి

కల్పించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. అన్నను పోగొట్టుకున్న పదమూడేళ్ల అమ్మాయి కొత్త బడిలో చేరి, అన్న ఇంకా ఉన్నాడన్నట్టే అందరితోనూ మాట్లాడుతూ ఏడాది గడిపే నవల ఒకటి ఉందనుకోండి. దాని గురించి ఒక పాఠకురాలు ఇలా రాసింది: ‘కథ సూపర్‌గా ఉంది. పాత్రలు చాలా సహజంగా ఉన్నాయి. ముగింపు మాత్రం నచ్చలేదు. అందరూ తప్పక చదవండి.’ ఇందులో అబద్ధం ఏమీ లేదు, కానీ ఈ నాలుగు వాక్యాలను వేరే ఏ నవల కింద పెట్టినా అతుకుతాయి. మీరు రాసినదాన్ని పరీక్షించుకోవడానికి ఇదే సులువైన మార్గం: నవల పేరు మార్చి చదవండి, అప్పటికీ సరిపోతూ ఉంటే ఆ వాక్యాన్ని కొట్టేయండి.

అదే పాఠకురాలు కాగితం మీది పేజీ సంఖ్యలు చూసుకొని మళ్లీ రాసిందనుకుందాం: ‘ఈ అమ్మాయి అన్న గురించి అబద్ధం చెప్పిన ప్రతిసారీ వాక్యాలు పొట్టిగా అయిపోతాయి. రెండు మూడుసార్లు గమనించాక, అబద్ధం రాబోతోందని నాకు ముందే తెలిసిపోయి భయం వేసేది. స్నేహితురాలి పాత్ర నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఆమె మంచిదే అయినా ఒక్కోసారి అసూయపడుతుంది, ఆ సంగతి తనే ఒప్పుకుంటుంది. చివరి ఇరవై పేజీలలో మాత్రం తల్లి, టీచరు, పక్కింటి పెద్దాయన వరుసగా వచ్చి నీతులు చెబుతారు. అప్పటిదాకా తన గొంతుతో మాట్లాడిన అమ్మాయి అక్కడ ఊరికే వింటూ కూర్చుంటుంది.’ ఇప్పుడు ముగింపు ఎందుకు నచ్చలేదో తెలిసింది. అయినా ఆ అమ్మాయి చివరికి ఏం చేసిందో బయటపడలేదు. మరొక పాఠకుడు దీన్ని చదివి, ‘పెద్దవాళ్లు అలా చెప్పడమే నాకు నచ్చుతుంది’ అనుకొని పుస్తకం తెచ్చుకోవచ్చు. మీరు చూపిన కారణం మీ తీర్పుతో ఏకీభవించనివారికి కూడా ఉపయోగపడితే ఆ అభిప్రాయం బాగా కుదిరినట్టే.

పిల్లల, కౌమార నవలలలో పెద్ద విమర్శకులకు తట్టని కొన్ని విషయాలు మీకు సులువుగా తెలుస్తాయి, వాటిని వదలకండి. పాత్ర వయసుకూ మాటతీరుకూ పొత్తు కుదిరిందా, లేక నలభై ఏళ్ల రచయిత పిల్లల గొంతును అనుకరిస్తున్నట్టు వినిపిస్తోందా అన్నది అందరికంటే ముందు పట్టుకోగలిగేది ఆ వయసువారే. ఏడాది రెండేళ్లలో పాతబడిపోయే యాస మాటలను గుప్పించిన సంభాషణలు కూడా మీ చెవికే ముందుగా గుచ్చుకుంటాయి. పిల్లలకు వచ్చిన చిక్కును చివరికి పిల్లలే విప్పుకున్నారా, లేక పెద్దలెవరో హఠాత్తుగా వచ్చి చక్కబెట్టారా అన్నది మరొకటి. నీతి కథలోంచి వచ్చిందా, కథ మీద అతికించినట్టు ఉందా అన్నది ఇంకొకటి. నా మట్టుకు పిల్లల నవలలను పాడుచేసే వాటిలో మొదటి స్థానం దీనిదే. బొమ్మలు ఉంటే వాటి గురించి కూడా ఒక వాక్యం రాయాలి, చిత్రకారుల పేరు చెప్పాలి. అనువాదమైతే అనువాదకుల పేరు, వరుస నవలలలో ఒకటైతే అది ఎన్నవదో, ముందువి చదవకుండా అర్థమవుతుందో లేదో తెలపాలి.

కథ ఎంతవరకు చెప్పవచ్చు

మొదటి నాలుగవ వంతులో జరిగేది చెప్పవచ్చు, ఆ తరువాతది చెప్పకూడదు అన్న లెక్క చాలా నవలలకు సరిపోతుంది. ఎవరు, ఎక్కడ, ఏ చిక్కులో పడ్డారు అన్నది సాధారణంగా ఆ మేరలోనే తేలిపోతుంది. అపరాధ పరిశోధన నవలల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కథ చెబుతున్న పాత్రే పాఠకుడి దగ్గర ఏదో దాస్తున్న నవలలలో ‘చివర్లో అదిరిపోయే మలుపు ఉంది’ అనడం కూడా రహస్యం విప్పినట్టే, ఎందుకంటే ఆ మాట విన్నవారు మొదటి పేజీ నుంచీ ప్రతి వాక్యాన్నీ అనుమానిస్తారు. మలుపు గురించి చెప్పక తప్పదనుకుంటే ఆ భాగాన్ని విడిగా చివర పెట్టి, చదవనివారు ఇక్కడ ఆగాలని స్పష్టంగా రాయండి. అట్ట వెనుక ప్రచురణకర్తలే సగం కథ అచ్చువేస్తున్నారు కదా అని మీరు కూడా చెప్పనక్కరలేదు.

ఎవరికి పనికివస్తుందో చెప్పడం

ప్రచురణరంగంలో 8 నుంచి 12 ఏళ్ల వారికి ఒక తరగతి, 12 దాటినవారికి మరొక తరగతి అని స్థూలంగా విభజిస్తారు. దుకాణంలో పుస్తకాలు సర్దడానికి అది చాలు గానీ పాఠకుడికి చాలదు. పిల్లలు సాధారణంగా తమకంటే ఒకటి రెండేళ్లు పెద్దవారైన పాత్రల గురించి చదవడానికి ఇష్టపడతారు, కాబట్టి పదిహేనేళ్ల కథానాయకుడి నవలను పన్నెండేళ్లవారు అడుగుతారు. అటువంటివారికి ‘ఇది మీకు కాదు’ అనడం కంటే లోపల ఏముందో చెప్పడం మేలు: ఒక పెంపుడు జంతువు చనిపోతుంది, బడిలో ఏడిపించే దృశ్యాలు వివరంగా ఉంటాయి, రక్తపాతం ఉన్న యుద్ధం ఒక అధ్యాయమంతా సాగుతుంది, వాక్యాలు పొడుగ్గా ఉండి నెమ్మదిగా చదవవలసి వస్తుంది. చదవాలో వద్దో ఆ తరువాత వారే, వారి ఇంటివారే నిర్ణయించుకుంటారు. ‘అమ్మాయిల పుస్తకం’, ‘అబ్బాయిల పుస్తకం’ అన్న మాటలు మాత్రం ఏ సమాచారమూ ఇవ్వవు.

నలుగురు కూర్చొని మాట్లాడేటప్పుడు

బృందంలో మొదట మాట్లాడినవారి అభిప్రాయం తక్కినవారి మీద పడుతుంది, గట్టిగా మాట్లాడేవారిదైతే మరీనూ. దీనికి తేలికైన ఉపాయం, చర్చ మొదలు కాకముందే అందరూ తలా రెండు వాక్యాలు కాగితం మీద రాసుకొని, వరుసగా వాటిని చదివిన తరువాతే వాదనలోకి దిగడం. ఇతరుల సమీక్షలు, రేటింగులు కూడా మీ రెండు వాక్యాలు రాసేసిన తరువాతే చూడండి.

ఎవరైనా మీరు ప్రాణంగా చూసుకునే నవలను తీసిపారేస్తే కోపం రావడం సహజం. అప్పుడు ‘ఎందుకు నచ్చలేదు?’ అని నిలదీస్తే ఎదుటివారు బోనులో నిలబడినట్టు బిగుసుకుపోతారు. చాంబర్స్ కూడా ‘ఎందుకు’ అన్న ప్రశ్న బదులు ‘చెప్పు’ అన్న మాటనే వాడమన్నారు; ఆయన పుస్తకం పేరు అక్కడి నుంచి వచ్చిందే. ‘ఏ చోట నీకు అలా అనిపించిందో చెప్పు’ అని అడిగి, ఇద్దరూ ఆ పేజీ తెరిచి చదివితే, గొడవ పడుతున్నది ఒకే వాక్యం గురించేనని ఒక్కోసారి తేలుతుంది. విమర్శ పుస్తకం మీద ఉండాలి, రచయిత వ్యక్తిత్వం మీదికో, దాన్ని ఇష్టపడినవారి తెలివి మీదికో పోకూడదు. అందరూ ఒకే మాట మీదికి రావలసిన అవసరం కూడా లేదు. ఫ్రాన్సులో 1988 నుంచి ఉన్నత పాఠశాల విద్యార్థులే నవలలు చదివి, చర్చించి, ఓటు వేసి ఇచ్చే బహుమతి ఒకటి ఉంది; ఆ దేశపు ప్రసిద్ధ సాహిత్య పురస్కారమైన గోంకూర్‌కు అది విద్యార్థుల రూపం. పెద్దల గోంకూర్ కమిటీ ఎంపిక ఏదైనా సరే, విద్యార్థులు తమ నవలను తామే ఎంచుకుంటారు.

కొన్ని నవలలు మన సొంత గాయాలను తాకుతాయి. ఇంట్లో జరిగిన విడాకులు, మరణం, బడిలో ఎదురైన వేధింపు వంటివి కథలో కనిపించినప్పుడు ‘ఇది నాకు చాలా దగ్గరగా అనిపించింది’ అంటే చాలు, ఎందుకో వివరించాలన్న నియమం లేదు. ఇంకెవరైనా అలా అంటే మీరు కూడా తవ్వి అడగకండి. ఆ పుస్తకం మనసును మరీ కలతపెడితే సమీక్షను పక్కనపెట్టి, మీకు నమ్మకమున్న పెద్దవారితో ముందుగా మాట్లాడండి.

రాసిన అభిప్రాయం కింద తేదీ, అప్పటి మీ వయసు వేసి దాచుకోండి. రెండేళ్ల తరువాత అదే నవలను మళ్లీ చదివి అభిప్రాయం మారితే పాతదాన్ని చెరపకుండా, కిందనే కొత్తది రాయండి. పన్నెండేళ్ల పాఠకుడికి మీ పన్నెండేళ్ల నాటి మాటే ఎక్కువ పనికివస్తుంది.